ముక్కాలి పీట సినిమా

మా ఉప్పల్ అపార్ట్‌మెంట్‌లో ఆదివారం పూట ఎవరికి పొద్దుపోకపోయినా నాకే ఫోన్ వస్తుంది. "ఆంటీ, ఏదన్న మంచి సినిమా జెప్పున్రి. ఎవ్వరు సూడంది, ఇంట్ల కూసొని సూసేటిది" అంటారు. చెబుతాను. చెప్పీ చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది: "స్టోరీ ఏంది ఆంటీ?" అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. కథంతా నేనే అప్పజెప్పేస్తే ఇక మీరు రెండు గంటలు కూర్చోవడం దేనికమ్మా? నేను కథ చెప్పను. అందులో ఉన్న వస్తువు ఒక్కటి చెబుతాను. "అందులో ఒక గోడ గడియారం ఉంటది. దాని మీద ఒక కన్నేసి ఉంచు" అంటాను. ఫోన్ పెట్టేస్తాను.

మూడో అంతస్తులో ఉండే అమ్మాయి మొదట్లో నన్ను పిచ్చిదాని కింద జమకట్టింది. ఆ మరాఠీ గడియారం సినిమా చూసిన మర్నాడు లిఫ్టు దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆంటీ, గా గడియారం ఆగిపోంగనే నా గుండె గుబేల్‌మన్నది. మీరు జెప్పకపోతే నేను గడియారం దిక్కే సూడకపోదును" అంది. చూశావా మరి! నేను చెప్పింది ఒక్క మాట. మిగిలిందంతా ఆ పిల్ల తన కళ్లతో తను సంపాదించుకుంది.

ఈ పద్ధతి నాది కాదు, మా నాయినది. మేము అప్పుడు నాచారంలో, ఫ్యాక్టరీల వెనక సందులో, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. నాయిన ఉప్పల్ రోడ్డు మీది ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో గాజు ఊదే పని చేసేవాడు. సైంటిస్టులు కాగితం మీద బొమ్మ గీసి ఇస్తే, మంట ముందు కూర్చుని, ఊది, వంచి, వంకర మెడల సీసాలూ గొట్టాలూ చేసి ఇచ్చేవాడు. ఆ సైంటిస్టుల్లో అన్ని రాష్ట్రాల వాళ్లూ ఉండేవారు. ఆ రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఇతర భాషల సినిమాలు వేసేవారు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. శనివారం టీ వేళ నాయిన వాళ్లను అడిగేవాడట: "రేపు మీ భాష సినిమా అంట గద సార్. కథ జెప్పకున్రి. సూడాల్సింది ఒక్కటి జెప్పున్రి." వాళ్లు నవ్వి ఏదో ఒకటి చెప్పేవారు. ఇత్తడి చెంబు అనో, బావి గిలక అనో.

దాంతో మా ఇంట్లో సినిమాలకు పేర్లు ఉండేవి కావు. ఇత్తడి చెంబు సినిమా, బావి గిలక సినిమా, పాత కోటు సినిమా. అసలు పేర్లు నాకు అప్పుడూ తెలియవు, తెలిసినా ఇప్పుడు రాయను. పేరు చెబితే మీరు ఫోన్లో వెతికి, ఎన్ని నక్షత్రాలిచ్చారో చూసి, నాలుగు ముక్కలు చదివి, చూసినట్టే అనుకుంటారు. నాకు తెలియదా మీ సంగతి!

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. ఆమె లేకుండా ఆ సినిమాలు లేవు. నాకంటే ఆరేళ్లు పెద్దది. నాయిన ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేలోపు అవి మాయమైపోయేవి. అమ్మకు అసలు రాదు. మా సందులో టీవీ ఉన్న ఇల్లు మాదొక్కటే కాబట్టి పక్కింటివాళ్లూ ఎదురింటివాళ్లూ తలుపు దాకా కూర్చునేవారు, వాళ్లకూ రాదు. నేను ఏడేళ్లదాన్ని. అందుకని టీవీ పక్కన గోడకు ఆనుకుని, ఒక కన్ను తెర మీద, ఒక కన్ను మా మీద పెట్టి, మా అక్క చదువుతూ చదువుతూనే తెలుగులోకి దించేసేది. తెలుగు అంటే ఏ తెలుగు? మా సందు తెలుగు. తెర మీద ఒక బెంగాలీ జమీందారు శాలువా సర్దుకుని గంభీరంగా ఏదో సెలవిచ్చేవాడు. మా అక్క, "ఏందిర బై గిట్ల జేస్తివి, బజార్ల నా ఇజ్జత్ దీస్తివి గదర" అనేది. జనం గొల్లుమనేవారు. కేరళ అమ్మమ్మలు మా అక్క నోట్లో "ఓ పోరీ, జర నిమ్మళం" అనేవారు. అస్సాం పడవవాళ్లు "మస్తు వాన కొడ్తాందిర" అనేవారు. దేశమంతా మా నాచారంలోనే ఉందని నేను చాలాకాలం నమ్మాను.

ఇంగ్లీషు నాకూ వచ్చింది తర్వాత. ఇప్పుడు ఒక్కదాన్నే సోఫాలో కూర్చుని, కింద అక్షరాలు నేనే చదువుకుంటూ చూస్తాను. కానీ చదివేది నా కళ్లే అయినా, చెవిలో పలికేది మా అక్క గొంతే. ఇన్నేళ్లైనా మారలేదు.

ఆ అక్క మూడేళ్లుగా నాతో మాట్లాడటం లేదు.

ఎక్కడో దూరదేశంలో ఉందనుకునేరు. అంబర్‌పేట్‌లో ఉంది. ఇక్కడ బస్సెక్కితే రామంతాపూర్ దాటగానే వచ్చేస్తుంది. పెళ్లిళ్లలో ఎదురుపడితే తల తిప్పుకుంటుంది. మా ఆయన ఒకసారి బావి గిలక సినిమా నాతో కూర్చుని చూశాడు. అందులో ఇద్దరు అన్నదమ్ములు ఒకే బావిలో నీళ్లు తోడుకుంటారు గానీ ఒకరితో ఒకరు మాట్లాడరు. అది చూసి ఆయన, "గిది మీ అక్కాచెల్లెండ్ల కథనే గదనే" అన్నాడు. ఆ రోజు ఆయనకు చాయ్ పెట్టలేదు. పోయి క్రికెట్ చూసుకోమన్నాను.

తప్పు నాదే. అమ్మ పోయాక నాయిన నా దగ్గరే, ఈ ఉప్పల్ ఇంట్లోనే ఉన్నాడు. మూడేళ్ల కింద ఊపిరాడక దవాఖానాలో చేర్చాం. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంక రోజుల్లో ఉందని చెప్పాడు. ఆ ఆదివారమే అక్క కూతురికి పెద్ద పరీక్ష, ఏడాదంతా చదివిన పరీక్ష. నాయిన మాస్కు తీసి, "పెద్దదానికి జెప్పకు. పిల్ల పరీచ్చ గానియ్యి" అన్నాడు. నేను సరేనన్నాను. దవాఖానాలో చేర్చిన సంగతి కూడా అక్కకు చెప్పలేదు. అక్క రోజూ ఫోన్ చేసేది. "ఎట్లుండే?" అనేది. "మంచిగనే ఉన్నడక్కా. ఇడ్లీ తిన్నడు. పరేషాన్ గాకు" అనేదాన్ని. "ఆదివారం పరీచ్చ గాంగనే వస్త" అనేది. నాయిన శనివారం పొద్దున పోయాడు.

మా అక్క వచ్చింది. ఏడ్చింది. అంతా అయ్యాక వెళ్లేముందు గుమ్మంలో నిలబడి నాతో అన్న మాట ఒక్క అక్షరం మరిచిపోలేదు. "సినిమా కథ దాపెట్టినట్టు దాపెట్టినవ్ గదనే. ఆఖరు జెప్పొద్దని నాయిన జెప్పింది సినిమాలకే. నా తండ్రి ఆఖరు నాకు జెప్పకుంట దాపెట్టనీకి నువ్వెవ్వతివే?" అప్పటికే ఆమెకు ఇంకో అబద్ధం కూడా చెప్పి ఉన్నాను. నాయిన నిద్రలోనే పోయాడనీ, ఆయనకు ఏమీ తెలియలేదనీ చెప్పాను. అది నిజం కాదు.

ఫోన్లు చేశాను, ఎత్తలేదు. బావతో కబురు పెట్టాను. "మీరిద్దరు మీరిద్దరు సూసుకోన్రి, నన్ను నడుమ ఇరికియ్యకున్రి" అన్నాడు. పండగకు బట్టలు పంపితే అలాగే తిరిగొచ్చాయి. నాకూ రోషం వచ్చింది. ఇంత చేసి, అంత సేవ చేసి, నేనేం పాపం చేశానని? నాయిన చెప్పిందే కదా చేశాను? ఇలా ఆమె మీద లోపల్లోపల కుతకుత ఉడికిపోతూ ఏడాది గడిపాను. రెండో ఏడాదికి ఆ ఉడుకు తగ్గింది. మిగిలింది ఒట్టి దిగులు.

మొన్నామధ్య ఒక ఆదివారం. స్టేడియంలో మ్యాచ్ ఉంది. మధ్యాహ్నం నుంచే రోడ్డు మీద ఒకటే బూరల మోత. మా ఆయన టికెట్ దొరికి వెళ్లాడు. నేను ఫోన్‌ని టీవీకి తగిలించి, పాత సినిమాలు శుభ్రం చేసి పెట్టినవి ఏవో ఒక్కొక్కటే దొర్లించుకుంటూ పోతున్నాను. ఒక బొమ్మ దగ్గర వేలు ఆగిపోయింది. నది ఒడ్డు. ఒక పడవ. పడవ పక్కన మట్టిలో దిగబడిన ముక్కాలి పీట.

వామ్మో, అనుకున్నాను. ముక్కాలి పీట సినిమా! ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన సినిమా. ఏడేళ్లప్పుడు ఒక్కసారి చూసింది. ఒక ముసలాయన నది దాటిస్తుంటాడు. కూతుర్ని అవతలి ఒడ్డుకు ఇస్తాడు. కూతురు వచ్చినప్పుడల్లా కూర్చోవడానికని తన చేతులతో ఒక పీట చేసి రేవులో పెడతాడు. వేరే ఎవరు కూర్చోబోయినా కసురుతాడు. ఆఖరున వానాకాలం వెళ్లాక కూతురు వస్తుంది. తండ్రి కనిపించడు. పడవ మీద వేరే మనిషి ఉంటాడు, ఆమెతో ఏదో చెబుతాడు. ఆమె వెళ్లి ఆ పీట మీద కూర్చుంటుంది. నది వైపు చూస్తుంటుంది. అయిపోతుంది. ఆ వేరే మనిషి చెప్పింది నాకు బాగా గుర్తు. మా అక్క చదివి చెప్పింది: "మీ నాయిన సంతకు వోయిండు బిడ్డా. పొద్దుమీకి వస్తడు. గా పీట మీద కూసో." ఎంత హాయిగా అనిపించిందో ఆ రోజు! పొద్దుగూకుతుంది, ఆయన జామపండ్లో పేలాలో కొనుక్కుని వస్తాడు, కూతురు పీట మీంచి లేస్తుంది. మిగతాది నేనే నా బుర్రలో ఆడించుకున్నాను. నలభై ఏళ్లు ఎవరు అడిగినా చెప్పాను, "ముక్కాలి పీట సినిమా దొరికితే వదలకున్రి, మంచిగ అయిపోతది" అని.

కాళ్లు ముడుచుకుని కూర్చుని చూశాను. అన్నీ గుర్తున్నట్టే ఉన్నాయి. ఆఖరి సీను వచ్చింది. వేరే మనిషి తెడ్డు ఆపి, ఆమె ముఖంలోకి చూడకుండా చెప్పాడు. కింద అక్షరాలు పడ్డాయి. మీ నాన్న పోయి నెల దాటింది. వరదలో కబురు పంపలేకపోయాం. నీకు చెప్పొద్దని కూడా అన్నాడు.

ఆమె వెళ్లి పీట మీద కూర్చుంది.

నేను వెనక్కి తిప్పి మళ్లీ చదివాను. మూడోసారి చదివాను. ముందు అక్క మీద నవ్వు వచ్చింది. దొంగముఖంది, అంతమంది జనాన్ని ఒక్క ముక్కతో ఎట్లా బురిడీ కొట్టించింది! తర్వాత ఎందుకు అలా చెప్పిందో గుర్తొచ్చింది. ఆ రోజుల్లో నాయిన డ్యూటీ నుంచి కాస్త ఆలస్యమైతే నేను గేటు పట్టుకుని ఏడ్చేదాన్ని. సైకిల్ బెల్లు వినపడేదాకా ఎవరు పిలిచినా లోపలికి వచ్చేదాన్ని కాదు. అది పదమూడేళ్ల పిల్లకు ఆ ఒక్క క్షణంలో గుర్తొచ్చి ఉంటుంది. కింద పడ్డ అక్షరాల్ని మింగేసి, ఆ మనిషిని సంతకు పంపింది.

మీరైతే ఏం చేసేవాళ్లో నాకు తెలియదు. నాకు మాత్రం ముందు దుర్బుద్ధే పుట్టింది. ఫోన్ చేసి, "నువ్వు జెయ్యలేదా? నువ్వు దాయలేదా? నన్నంటవా?" అని కడిగెయ్యాలనిపించింది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు తెర మీద ఆ కూతురు ఇంకా పీట మీద కూర్చునే ఉంది. నేను అక్కడ ఆపేసి ఉంచాను. ఆమె ముఖం చూశాను. ఏడుపు లేదు, ఏమీ లేదు. గుమ్మంలో నిలబడిన మా అక్క ముఖం అది. నేను మా అక్కకు చేసింది ఏమిటో అప్పుడు నాకు తెలిసింది. మూడేళ్లు పట్టింది తెలియడానికి, థూ నా బతుకు.

కడిగేయలేదు. ఒక్క మెసేజ్ పెట్టాను, నాయిన పద్ధతిలో. "ముక్కాలి పీట దొరికింది."

చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు. సోమవారం లేదు, మంగళవారం లేదు. బుధవారం నేను ఆశ వదిలేసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని గిన్నెలు కడుగుతుంటే బెల్లు మోగింది. మా ఆయన తలుపు తీసి, "అరే, వదినే!" అని, ఆ వెంటనే చెప్పులేసుకుని కిందికి వెళ్లిపోయాడు. ఆయన చేసిన తెలివైన పని అదొక్కటే.

మా అక్క లోపలికి వచ్చింది. జుట్టు బాగా తెల్లబడింది. నన్ను చూడలేదు. సోఫాలో కూర్చుని, సంచిలోంచి కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి పెట్టుకుంది.

"ఏడుంది? పెట్టు" అంది.

పెట్టాను. ఆ చివర ఆమె, ఈ చివర నేను. మొదటి పదినిమిషాలు కింద అక్షరాలు ఎవరికి వాళ్లమే చదువుకున్నాం. ముసలాయన పీటకు మూడో కాలు బిగిస్తున్నాడు. పక్కింటివాడు వచ్చి ఏదో అన్నాడు. ఉన్నట్టుండి మా అక్క నోరు కదిలింది.

"ఏందయ్యా ముసలోడా, గద్దె చేస్తున్నవా, ఎవ్వలకు?" అంది. మళ్లీ ముసలాయన గొంతుతో, "నీకైతే గాదు తియ్యి" అంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కొంగు అడ్డం పెట్టుకున్నాను. అక్కడి నుంచి ఇంక ఆగలేదు ఆమె. అందరి మాటలూ ఆమే చెప్పింది. ముసలాయన, కూతురు, అత్తగారు, పడవలో ఎక్కిన మేకలవాడు, అందరూ మా నాచారం సందులోకి వచ్చేశారు. గొంతు కాస్త బొంగురుపోయింది గానీ అదే గొంతు. ఆమె తెలియకుండానే నా వైపు జరిగింది. నేను తెలిసే జరిగాను.

ఆఖరి సీను వచ్చింది. వేరే మనిషి తెడ్డు ఆపాడు. కింద అక్షరాలు పడ్డాయి. మా అక్క చదవలేదు.

నేను బొమ్మ ఆపాను. "జదువక్కా" అన్నాను.

"నీకు ఇంగ్లీషు రాదా ఏంది?" అంది.

"నువ్వు జదువు. ఈసారి సరిగ్గ జదువు."

నా వైపు తిరిగి చూసింది, వచ్చినప్పటి నుంచి మొదటిసారి. "తెలిసిందా?" అంది. తలూపాను. "గేటు కాడ నిలవడి ఏడ్శెదానివి గదనే. నాయిన పక్కన్నే కూసున్నడు ఆ రోజు, నువ్వు ఆయన ఒళ్లెనే ఉన్నవ్. నేనెట్ల జదువుదు?" అంది. తర్వాత తెర వైపు తిరిగి చదివింది. "మీ నాయిన వోయి నెల దాటింది బిడ్డా. వరదల కబురు పంపలేకపోయినం. నీకు జెప్పొద్దని గూడ అన్నడు." ఏ గొంతూ పెట్టకుండా, తన గొంతుతోనే చదివింది.

బొమ్మ కదిలింది. కూతురు పీట మీద కూర్చుంది. నది పారుతోంది. సినిమా అయిపోయింది. బయట మెట్రో ఒకటి వెళ్లిన చప్పుడు.

"నేను జదివిన" అంది మా అక్క. "ఇగ నువ్వు జెప్పు."

"ఏం జెప్పాలె?"

"శనివారం పొద్దున. నిద్రల పోలే ఆయన. నీ ముఖం జూస్తే నాకు తెల్వదా? అప్పుడే తెలుసు. నువ్వే జెప్తవని సూసిన. మూడేండ్లు సూసిన."

అందుకా ఆమె మాట్లాడనిది! దాచినందుకు కాదు, ఇంకా దాస్తూనే ఉన్నందుకు. చెప్పొద్దని నా లోపల ఇంకా ఏదో లాగుతూనే ఉంది, ఈమె తట్టుకోలేదు, వద్దు వద్దు అని. నోరు తెరిచాను.

"ఆరింటికే లేశిండక్కా. కండ్లద్దాలు అడిగిండు. తుడిచి పెట్టిన. తలుపు దిక్కు సూసుకుంట ఉన్నడు. జెప్పొద్దన్నది ఆయనే గద, మళ్ల ఆయనే…" ఫోన్ పక్కన పెట్టాను. "'పెద్దది వచ్చిందా' అని అడిగిండు."

మా అక్క అడిగింది: "నువ్వేమన్నవ్?"

"తొవ్వల ఉంది నాయినా, వస్తాంది అన్న."

"ఎన్నిసార్లు అడిగిండు?"

"రెండుసార్లు."

ఆమె చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది, రోడ్డు దాటించేటప్పుడు చిన్నప్పుడు పట్టుకున్నట్టు, గట్టిగా. "సరిగ్గ జెప్పు" అంది.

"నాలుగుసార్లు" అన్నాను.

"నాలుగుసార్లు" అని తను కూడా అంది, మెల్లగా. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. నీళ్లు చెంపల మీంచి దిగి మెడ దాకా వచ్చినా తుడుచుకోలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. చాలాసేపటికి ముక్కు ఎగబీల్చి, "మళ్ల మొదటికెళ్లి జెప్పు. ఆరింటికెళ్లి" అంది.

చెప్పాను. ఏదీ వదలకుండా చెప్పాను.